బొగ్గు మిగిల్చే విద్య



కిందటి నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయిది. "మాస్టారూ, మా ఊరి పక్కన ఒక ఫ్యాక్టరీ ఉంది. దాని గొట్టంలోంచి పగలూ రాత్రీ పొగ వస్తూనే ఉంటుంది. ఆ పొగతో పాటు ఎంత వేడి ఆకాశం పాలవుతున్నదో అని మా నాన్నగారు అంటూ ఉంటారు. ఆ వృథాను ఆపే ఉద్యోగం ఏదైనా ఉందా? ఉంటే దానికి ఏం చదవాలి?" అని రాసింది.

ఉందమ్మా. మంచి ఉద్యోగమే. ఏం చదవాలో నాలుగు ముక్కలలో చెప్పవచ్చు, కాసేపట్లో చెబుతాను. కాని నువ్వు అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఆ పని ఎవరి దగ్గర నేర్చుకోవాలి? నన్నడిగితే అదే పెద్ద ప్రశ్న. దానికి జవాబు కోసం మనం సుమారు రెండువందల అరవై ఏళ్ళు వెనక్కి, స్కాట్లండు దేశానికి వెళ్ళాలి.

కెటిలు మీద మూత ఎగిరెగిరి పడటం చూసి జేమ్స్ వాట్ అనే కుర్రవాడు ఆవిరి ఇంజను కనిపెట్టాడనే కథ మీరంతా వినే ఉంటారు. నేనూ బడిలో చాలా ఏళ్ళు ఆ కథ చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది. ఎందుకంటే ఆవిరి ఇంజను వాట్ కంటె వయసులో పెద్దది! వాట్ పుట్టింది 1736లో. థామస్ న్యూకమన్ అనే ఇనపసామాన్ల వర్తకుడు 1712 నాటికే ఇంగ్లండులో ఆవిరి ఇంజను కట్టి, బొగ్గు గనిలో ఊరే నీటిని దానిచేత తోడించాడు. వాట్ చేసిన గొప్ప పని ఇంజనును కనిపెట్టటం కాదు, అది తినే బొగ్గును తగ్గించటం. అంటే మన అమ్మాయి అడిగిన ఉద్యోగమే ఆయన చేశాడన్నమాట.

వాట్ తండ్రి గ్రీనక్ అనే రేవు ఊళ్ళో ఓడలకు కావలసిన సామాన్లు చేసి అమ్మేవాడు. కొట్లో కొడుకు కోసం ఒక చిన్న బల్ల వేసి, చిన్న చిన్న పనిముట్లు ఇచ్చాడు. అదీ వాట్ మొదటి బడి. వాట్‌కు పదిహేడేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రి వ్యాపారం దెబ్బ తిన్నది. కొలత పరికరాలు చేసే పని నేర్చుకుని బతుకుదామని కుర్రవాడు గ్లాస్గో పట్నం వెళ్ళాడు. అక్కడ ఆ పని నేర్పేవారే లేరు. విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డిక్ అనే ప్రొఫెసరు ఉండేవాడు. ఆయన కుర్రవాడి చేతి పనితనం చూసి, "ఇక్కడ నీకు నేర్పేవాళ్ళు లేరు, లండను వెళ్ళు" అని సలహా ఇచ్చాడు.

1755లో వాట్ గుర్రం మీద లండను చేరుకున్నాడు. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. ఆ వృత్తిలో చేరాలంటే ఏడేళ్ళు శిష్యరికం చెయ్యాలని కట్టుబాటు. వాట్‌కు అప్పుడు పందొమ్మిదేళ్ళు. ఏడేళ్ళు గడిపే ఓపికా లేదు, డబ్బూ లేదు. ఒక్క ఏడాదిలో నేర్పమంటే కొట్టుకొట్టుకూ కాదన్నారు. చివరకు జాన్ మోర్గన్ అనే పనివాడు ఇరవై గినీలు పుచ్చుకుని, ఏడాదిపాటు నేర్పటానికి ఒప్పుకున్నాడు. గినీ అంటే ఆనాటి బంగారు నాణెం.

ఆ ఏడాది వాట్ ఎలా గడిపాడో వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. తిండికి వారానికి ఎనిమిది షిల్లింగులే. పగలంతా గురువు పని, మిగిలిన వేళ సొంత సంపాదన కోసం పని. వీధిలోకి వెళ్ళటానికి కూడా భయమే; దొరికిన కుర్రవాళ్ళను బలవంతంగా పట్టుకుపోయి యుద్ధపు ఓడలలో వేసే మనుషులు ఆ రోజులలో లండను వీధులలో తిరుగుతూ ఉండేవారు. ఆరోగ్యం పాడయింది. అయినా ఏడాది తిరిగేసరికి ఇత్తడితో మడత కొలబద్దలూ, ఓడలవాళ్ళు సూర్యుణ్ణీ చుక్కలనూ చూసి దారి కనుక్కునే పరికరాలూ స్వయంగా చెయ్యగలిగాడు. మోర్గన్ పేరు ఈనాడు ఎవరికీ గుర్తు లేదు. కాని వెంట్రుకవాసి తేడా కూడా పనికిరాదని వాట్ వేళ్ళకు నేర్పినవాడు ఆయనే.

తిరిగి గ్లాస్గో వచ్చాక విశ్వవిద్యాలయంవారు 1757లో తమ ఆవరణలోనే వాట్‌కు ఒక గది ఇచ్చారు. పరికరాలు బాగుచేసే పని. ఆ గది కొద్ది రోజులలోనే అందరూ చేరే చోటయింది. జాన్ రాబిసన్ అనే విద్యార్థి ఒకనాడు అక్కడికి వచ్చాడు. ఎవరో పనివాడు ఉంటాడనుకుని వస్తే, తనకంటె ఎక్కువ శాస్త్రం తెలిసిన యువకుడు కనిపించాడట! ఆ తరవాత ఇద్దరూ జన్మంతా స్నేహితులు. ఇంకో స్నేహితుడు జోసెఫ్ బ్లాక్. ఆయన ప్రొఫెసరు. వాట్ కంటె ఎనిమిదేళ్ళు పెద్ద.

ఇప్పుడు అసలు కథకు వస్తున్నాను. 1763లో శాస్త్రం క్లాసులో చూపించే న్యూకమన్ ఇంజను నమూనా ఒకటి బాగు చెయ్యమని వాట్‌కు ఇచ్చారు. అంతకు ముందు దాన్ని లండను పంపినా అక్కడివాళ్ళూ సరిచెయ్యలేకపోయారు. వాట్ దాన్ని విప్పి, తుడిచి, బిగించి, నిప్పు పెట్టాడు. ఇంజను నాలుగుసార్లు ఊగి ఆగిపోయింది. బాయిలరు చాలినంత పెద్దదిగానే ఉంది. ఆవిరి మాత్రం చాలటం లేదు. పనివాడయితే, "మీ బొమ్మ ఇంతేనండీ" అని తిరిగి ఇచ్చేసేవాడు. వాట్ ఇవ్వలేదు. ఆవిరి ఎక్కడికి పోతున్నది?

ఈ ఇంజను ఎలా నడుస్తుందో తెలిస్తేగాని ఆ ప్రశ్న అర్థం కాదు. ఒక పెద్ద సిలిండరు. అందులో పైకీ కిందికీ కదిలే పిస్టను. సిలిండరు నిండా ఆవిరి పంపుతారు. తరవాత దాంట్లోకి చన్నీళ్ళు చిమ్ముతారు. ఆవిరి చప్పున చల్లబడి నీరైపోతుంది. లోపల దాదాపు ఏమీ మిగలదు కనక పైనున్న గాలి బరువు పిస్టనును కిందికి తోస్తుంది. ఆ ఊపుకు దూలం రెండో కొసన ఉన్న పంపు గనిలోని నీటిని లాగుతుంది. మళ్ళీ ఆవిరి, మళ్ళీ చన్నీళ్ళు, ఇలా నిమిషానికి పదీ పన్నెండుసార్లు.

చన్నీళ్ళు చిమ్మిన ప్రతిసారీ ఆవిరితో పాటు సిలిండరు కూడా చల్లబడుతుంది గదా? మళ్ళీ వచ్చిన ఆవిరిలో చాలా భాగం ఆ లోహాన్ని వేడి చెయ్యటానికే ఖర్చయిపోతుంది. మీ అమ్మ దోసెలు పోసేటప్పుడు దోసె దోసెకూ పెనం మీద చెంబెడు నీళ్ళు గుమ్మరిస్తే ఎట్లా ఉంటుందో అట్లా అన్నమాట!

వాట్ ఇంతటితో ఆగలేదు. మోర్గన్ దగ్గర నేర్చిన విద్య ప్రకారం ప్రతిదీ కొలిచాడు. కొలుస్తూ ఉంటే ఒక వింత కనపడింది. కొంచెం ఆవిరిని గొట్టం గుండా చన్నీళ్ళలోకి వదిలితే, ఆ ఆవిరి తన బరువుకు ఆరు రెట్ల బరువున్న నీటిని మరిగే స్థితికి తెచ్చేస్తున్నది! మరిగే నీరూ, ఆవిరీ ఒకే వేడిమి చూపిస్తాయి. అలాంటప్పుడు ఆవిరిలో ఇంత వేడి ఎక్కడ దాక్కున్నది?

వాట్ వెళ్ళి బ్లాక్‌ను అడిగాడు. బ్లాక్ అప్పటికి కొన్నేళ్ళుగా సరిగ్గా ఆ సంగతే తన క్లాసులో చెబుతున్నాడు. వాట్‌కు మాత్రం తెలియదు. నీరు ఆవిరి కావటానికి చాలా వేడిని మింగుతుంది. ఆ వేడి థర్మామీటరులో కనపడదు. ఆవిరి తిరిగి నీరైనప్పుడు అదంతా బయటికి వస్తుంది. దీన్నే గుప్తోష్ణం అంటారు. ఈనాటి లెక్కలో చెబితే, 100 డిగ్రీల వద్ద ఒక కిలో నీరు ఆవిరి కావటానికి సుమారు 540 కిలోకాలరీల వేడి కావాలి. ఒక కిలో నీటి వేడిమి ఒక డిగ్రీ పెరగటానికి ఒక కిలోకాలరీ చాలు. స్కాట్లండు చలిదేశం కనక, అక్కడి చన్నీళ్ళు పదీ పదకొండు డిగ్రీలు ఉంటాయనుకోండి. వాటిని మరిగించాలంటే 90 డిగ్రీలు పెంచాలి. 540ని 90 పెట్టి భాగించండి. వాట్‌కు వచ్చిన ఆరే మీకూ వస్తుంది.

ఇక్కడ నాకు నచ్చే విషయం ఒకటి ఉంది. బ్లాక్ దగ్గర సిద్ధాంతం ఉంది, చేతిలో ఇంజను లేదు. వాట్ చేతిలో ఇంజను ఉంది, సిద్ధాంతం లేదు. ప్రొఫెసరు దగ్గరికి వెళ్ళి "నాకు ఇది అర్థం కాలేదండీ" అని అడగటానికి పనివాడు సిగ్గుపడలేదు. పనివాడు కనుక్కున్న లెక్క వినటానికి ప్రొఫెసరుకు చిన్నతనం అనిపించలేదు. వాట్ ఆ తరవాత కూడా, తన ఉపాయం బ్లాక్ ఇచ్చింది కాదనీ, ఎందుకు అలా జరుగుతున్నదో తెలిపినది మాత్రం ఆయనేననీ విడమరచి చెప్పేవాడు. గురువుకు ఇవ్వవలసినది ఇచ్చి, తనది తాను ఉంచుకున్నాడు.

ఉపాయం 1765లో ఒక ఆదివారం నాడు తట్టింది. వాట్ గ్లాస్గోలో ఒక పచ్చికబయలులో నడుస్తున్నాడు. ఆవిరిని సిలిండరులో ఎందుకు చల్లార్చాలి? పక్కన ఇంకొక పాత్ర పెట్టి, ఆవిరిని అందులోకి లాగి, అక్కడ చల్లారుస్తే? సిలిండరు ఎప్పుడూ వేడిగానే ఉంటుంది, ఆ పాత్ర ఎప్పుడూ చల్లగానే ఉంటుంది! అంతే సంగతి. వైద్యులు వాడే ఇత్తడి పిచికారీ ఒకటి తెచ్చుకుని, దాన్నే సిలిండరుగా చేసుకుని పరీక్షించాడు. పని చేసింది.

ఉపాయం తట్టినంతలో ఇంజను తయారు కాదు. బ్లాక్ డబ్బు అప్పిచ్చాడు. రోబక్ అనే పారిశ్రామికుడు చేరి, తరవాత దివాలా తీశాడు. అప్పుడు బర్మింగుహాం పట్నంలోని మాథ్యూ బోల్టన్ చేయి అందించాడు. విల్కిన్సన్ అనే ఇనప పనివాడు 1774లో ఫిరంగి గొట్టాలు తొలిచే కొత్త యంత్రం చేశాడు. దానితో తొలిస్తేగాని వాట్‌కు కావలసినంత గుండ్రటి సిలిండరు రాలేదు. తొలి ఇంజన్లు 1776లో నడిచాయి. ఆదివారం నాటి ఆలోచనకూ, ఈ ఇంజన్లకూ మధ్య పదకొండేళ్ళు!

1769లో వాట్ పుచ్చుకున్న పేటెంటు పేరు ఏమిటో తెలుసునా? ఇంజన్లలో ఆవిరి ఖర్చూ ఇంధనం ఖర్చూ తగ్గించే కొత్త పద్ధతి అని. ఇంజను అమ్మిన పద్ధతి ఇంకా తమాషాగా ఉంటుంది. పాత ఇంజను మూడు బస్తాల బొగ్గు తినే చోట ఇది సుమారు ఒక బస్తాతో సరిపెట్టుకునేది. మిగిలిన బొగ్గు ఖరీదులో మూడో వంతు మాకివ్వండి, రెండు వంతులు మీరే ఉంచుకోండి అని వాట్, బోల్టన్‌లు గని యజమానులతో ఒప్పందం చేసుకున్నారు. ఇంజను ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టటానికి ఒక చిన్న యంత్రం అమర్చి, దానికి తాళం వేశారు. ఇంధనం పొదుపు చేయించి, ఆ పొదుపులో వాటా తీసుకునే సంస్థలు ఈనాడు మన దేశంలోనూ ఉన్నాయి. వాటికి తాతముత్తాత ఈ ఒప్పందమే.

వాట్‌ను ఎంత మెచ్చుకున్నా ఒక మాట చెప్పక తప్పదు. అంతమంది దగ్గర నేర్చుకున్న మనిషి, ఇంకొకరు తన ఇంజనుకు మెరుగు పెడతామంటే సహించలేదు. ఆయన పేటెంటు 1800 దాకా సాగింది. అన్నాళ్ళూ ఇతరులు దాని జోలికి వెళితే కోర్టుకు లాగేవారు. ఎక్కువ పీడనం గల ఆవిరి అన్నా ఆయనకు పడేది కాదు. ముందుకు పోవలసిన విద్య కొంతకాలం అక్కడే నిలబడిపోయింది.

దాన్ని మళ్ళీ కదిలించినది ఎవరో తెలుసునా? ఒక చిన్న పత్రిక! ఇంగ్లండు నైరుతి మూలన కార్న్‌వాల్ అనే సీమ ఉంది. అక్కడ రాగి గనులూ తగరం గనులూ ఉన్నాయిగాని బొగ్గు లేదు. సముద్రం మీద తెచ్చుకోవాలి. కనక అక్కడివారికి బొగ్గు బంగారమే. 1811లో జోయల్ లీన్ అనే గని పెద్ద నెలనెలా ఒక పట్టిక అచ్చువేయించటం మొదలుపెట్టాడు. ఏ గనిలో ఏ ఇంజను ఉంది, దాన్ని చూసే ఇంజనీరు ఎవరు, ఒక బుషెలు బొగ్గుతో అది ఎన్ని పౌనుల నీటిని ఒక అడుగు ఎత్తుకు తోడింది, ఇంతే. బుషెలు అంటే అప్పటి బొగ్గు కొలత.

అప్పటిదాకా ఎవరి గుట్టు వారిదే. పట్టిక రావటంతో అందరి మార్కులూ గోడ మీదికెక్కినట్టయింది. మొదటి మార్కువాడు ఏం చేశాడో చూసి రావటానికి మిగతావాళ్ళు వెళ్ళేవారు. గొట్టాలకు వేడి పోకుండా చుట్టు చుట్టటం, బాయిలరు ఆకారం మార్చటం, ఆవిరిని కొంచెమే పంపి దాన్ని వ్యాపించనివ్వటం, ఇలాంటివన్నీ ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారు. మొదట్లో ఇంజన్ల సగటు రెండు కోట్ల పౌనులకు లోపే ఉండేది. 1840లలో అది ఆరు కోట్లు దాటింది. 1835లో ఒక ఇంజను పరీక్షలో పన్నెండు కోట్లకు పైగా తోడి చూపింది! ఏ ఒక్క మహానుభావుడూ చెయ్యని పని నెలకొక కాగితం చేసింది.

సరే, మన అమ్మాయి ప్రశ్నకు వద్దాం. మన దేశంలో శక్తి పొదుపు చట్టం 2001లో వచ్చింది. 2002 మార్చి 1న ఢిల్లీలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. సిమెంటు, ఉక్కు, ఎరువులు, కాగితం వంటి పెద్ద కర్మాగారాలు తాము వాడే శక్తికి లెక్క చెప్పాలి, అందుకోసం ఒక ఎనర్జీ మేనేజరును పెట్టుకోవాలి. బయటినుంచి వచ్చి తనిఖీ చేసేవారిని ఎనర్జీ ఆడిటర్లంటారు. డబ్బు లెక్కలు తనిఖీ చేసే ఆడిటరు రూపాయి ఎక్కడికి పోయిందో చూసినట్టు, వీరు వేడి ఎక్కడికి పోయిందో, కరెంటు ఎక్కడికి పోయిందో చూస్తారు. ఈ పనికి దేశమంతటికీ ఒక పరీక్ష ఉంది. మేనేజరుకు మూడు పేపర్లు, ఆడిటరుకు నాలుగు. ముందు లెక్కలూ, భౌతికశాస్త్రమూ బాగా చదివి, ఇంజనీరింగు చెయ్యాలి. కాని ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నవారయినా సరే, మూడేళ్ళు ఉద్యోగంలో పనిచేసిన అనుభవం ఉంటేగాని ఆ పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ మూడేళ్ళు ఎవరి పక్కన నిలబడ్డామన్నదే ఇక్కడ సంగతి.

నా శిష్యుడొకడు ఈ పని చేస్తున్నాడు. వాడి సంగతి చెప్పటానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా చెబుతాను.

నేను గోదావరి జిల్లాలో ఒక ఊళ్ళో పనిచేస్తున్న రోజులవి. వాడు తొమ్మిదో తరగతి. తండ్రి ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు దగ్గర ఫైర్‌మన్. పొయ్యిలో ఊక వేసి మంట చూసుకోవటం ఆయన పని. ఒకనాడు కుర్రవాడు గంట ఆలస్యంగా వచ్చాడు. చొక్కా నిండా మసి. "మిల్లులో నాన్నకు సాయం చేశానండీ. కొత్తగా పీపా..." అని ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు. "ఊక ఎత్తే విద్య నేర్చుకోవటానికి బడికి రానక్కరలేదు" అన్నాను, క్లాసందరి ముందూ. పిల్లలు నవ్వారు. వాడు తల వంచుకుని వెళ్ళి కూర్చున్నాడు. నేను ఆ మాట సాయంత్రానికే మరిచిపోయాను.

వాడు డిప్లొమా చదివి, ఒక పంచదార ఫ్యాక్టరీలో చేరాడు. తరవాత సొంతంగా ఇంజనీరింగూ పూర్తిచేసి, ఆ పరీక్ష ప్యాసయి ఆడిటరయ్యాడు. ఆ మధ్య సంక్రాంతికి నన్ను చూడటానికి వచ్చాడు. "ఇంత పని నీకు ఎవరు నేర్పారురా?" అని అడిగాను.

"పంచదార ఫ్యాక్టరీలో ఒక ముసలి ఫైర్‌మన్ ఉండేవాడండీ. నేను చేరిన కొత్తలో చేతిలో పొగను కొలిచే మీటరు ఉంది గదా అని నాకు గర్వం. మీటరు పెట్టి చూస్తే పొగలో ఆక్సిజను ఎక్కువగా ఉంది. గాలి ఎక్కువ పోతున్నది, వేడి వృథా అవుతున్నది, గాలి తగ్గించు అన్నాను. 'ఈ రోజు వద్దు బాబూ' అన్నాడాయన. నేను వినలేదు. తగ్గించాను. పావుగంటలో పొగ నల్లబడింది. ఆవిరి పీడనం పడిపోయింది. చెరకు ఆడే రోజులు, రెండు గంటలు మిల్లు ఆగింది. మేనేజరుగారు వచ్చి చీవాట్లు పెడుతుంటే ఆ ముసలాయన, 'పిప్పి తడిగా ఉందండీ, అందుకే' అని ఊరుకున్నాడు. నన్ను పట్టివ్వలేదు."

"తరవాత?"

"తరవాత ఆయన నా చేతిలో గుప్పెడు చెరకు పిప్పి పెట్టి పిండమన్నాడు. గుప్పిట తెరిస్తే ముద్ద విడలేదు. 'ముద్ద విడకపోతే తడి ఎక్కువ. తడి పిప్పికి గాలి తగ్గిస్తే సగం కాలి ఊరుకుంటుంది. రాత్రి వాన పడింది చూడలేదా?' అన్నాడు. మీటరు చెప్పింది అబద్ధం కాదండీ. కాని వాన సంగతి దానికి తెలియదు. ఆ రోజునుంచి రెండేళ్ళు ఆయన డ్యూటీ ఎప్పుడైతే నా డ్యూటీ అప్పుడు. చిన్న కిటికీలోంచి మంట రంగు చూడటం, గొట్టానికి కర్ర ఆనించి చెవి పెట్టి లోపల ఆవిరి కారుతున్నదో లేదో వినటం, అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. ఆయనకు నేను మీటరు చదవటం నేర్పాను."

కాసేపు ఆగి, "అసలు మొదట నేర్పింది మా నాన్నేనండీ" అన్నాడు.

అప్పుడు ఆ పీపా సంగతి చెప్పాడు. మిల్లులో బాయిలరుకు బావి నీళ్ళు పోసేవారట. పొయ్యినుంచి పొగగొట్టానికి వెళ్ళే ఇటుకల కాలువ నిప్పులా కాలుతూ ఉండేదట. ఆ కాలువ మీద ఒక ఇనప పీపా ఎక్కించి, బావి నీళ్ళు ముందు దాంట్లో పోసి, అక్కడ వెచ్చబడ్డాక బాయిలరుకు పంపితే ఊక కలిసివస్తుందని తండ్రికి తోచింది. పీపా ఎక్కించటానికి రెండో మనిషి కావాలి. కొడుకు సాయం పట్టాడు. అందుకే ఆనాడు బడికి ఆలస్యం.

పెద్ద పెద్ద కర్మాగారాలలో ఈ పని చేసే అమరికను ఎకనమైజరంటారు. పోయే పొగలోని వేడితో వచ్చే నీటిని వెచ్చబెట్టటం. దాని లెక్క బ్లాక్, వాట్‌లు చూపిన లెక్కే. 30 డిగ్రీల నీరు ఒక కిలో ఆవిరి కావాలంటే, మరగటానికి 70, ఆవిరి కావటానికి 540, మొత్తం సుమారు 610 కిలోకాలరీలు. అందులో నూరో వంతు ఆరు. అంటే వృథాగా పోయే వేడితో నీటిని ప్రతి ఆరు డిగ్రీలు వెచ్చబెట్టినప్పుడల్లా ఇంధనంలో నూటికి సుమారు ఒక పాలు మిగులుతుంది. ఆ పీపాలో నీరు 30 డిగ్రీలనుంచి 60కి వెచ్చబడిందనుకుంటే నూరు బస్తాల ఊకకు అయిదు బస్తాలు మిగిలినట్టు. మిగిలిన ఊకను ఇటుక బట్టీలవాళ్ళు కొనుక్కునేవారట.

అయిదు బస్తాలు! ఆనాడు మా తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం పాఠంలో ఉష్ణం అధ్యాయం జరుగుతూనే ఉంది. నల్లబల్ల మీద నేను రాసిన లెక్కకు నిలువెత్తు ఉదాహరణ మసి చొక్కాతో గుమ్మంలో నిలబడి ఉంటే, లోపలికి రానిచ్చి అడగటం నాకు చేతకాలేదు.

పండగ వెళ్ళిన మర్నాడు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రికి ఇప్పుడు డెబ్భై దాటాయి. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. ఆనాటి మాట గుర్తు చేసి, "తప్పు నాదేనండీ" అన్నాను. ఆయనకు ఆ సంగతే తెలియదు! కొడుకు ఇంట్లో చెప్పలేదట. కాసేపయాక, "ఆ పీపా ఆలోచన మీకెలా తట్టిందండీ?" అని అడిగాను.

"నాకెక్కడ తట్టిందండీ మాస్టారూ! నేను కుర్రవాడిగా చేరినప్పుడు మా మేస్త్రీ తన స్నానానికి ఆ కాలువ మీద కుండతో నీళ్ళు పెట్టుకునేవాడు. ఆ కుండ చూసి పీపా పెట్టాను" అన్నాడాయన.

ఇక ఈ నెల లెక్క. మీ ఇంట్లో మూత లేని గిన్నెలో కందిపప్పు ఉడుకుతున్నది. నీళ్ళు తెర్లుతున్నాయి. తొందరగా ఉడకాలని మీ అక్క మంట ఇంకా పెద్దది చేసింది. పప్పు తొందరగా ఉడుకుతుందా? ఆ ఎక్కువ మంట ఎక్కడికి పోతుంది? గుప్తోష్ణం సంగతి జ్ఞాపకం పెట్టుకుని ఆలోచించండి. పొయ్యి దగ్గర మాత్రం పెద్దవాళ్ళు లేకుండా ప్రయోగాలు చెయ్యకండి. జవాబు వచ్చే నెల. మీ ఊళ్ళో బాయిలరుగాని, ఇటుక బట్టీగాని, బెల్లం పొయ్యిగాని ఉంటే, దాన్ని చూసే మనిషిని వేడి ఎక్కడెక్కడ పోతున్నదో అడిగి, ఆయన చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి నాకు పంపండి.